గుడి వెనక ఇనుప రింగు



వైరాలో ఎండలు ముదిరాయి. మిర్చి కోతలు అయిపోయాయి. యాసంగి వరి కోసి ధాన్యం కల్లాల నుంచి తరలిపోతోంది. హైదరాబాదులో, బెంగళూరులో చదువుకునే మన పిల్లలు ఒక్కొక్కరే సెలవులకు ఇళ్లకు వస్తున్నారు. దూరాన ఉండి ఫోనులో ఈ మాటలు చదివే మన సంఘస్థులకు ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలని, మీ ఆలోచన కూడా అడగాలని ఈ వారం ఇది రాస్తున్నాం.

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక ఇంజినీరింగు చదువుతున్న మన యౌవనస్థుడొకడు మా దగ్గరికి వచ్చాడు. చేతిలో ఇనుప రింగు ఉంది. వెల్డింగు షాపులో సొంత డబ్బుతో చేయించాడట. "అయ్యగారూ, మందిరం వెనక ఖాళీ స్థలంలో ఒక స్తంభం పాతి దీన్ని బిగించుకుంటాం. బాస్కెట్‌బాల్ ఆడుకుంటాం" అన్నాడు. కాలేజీ జట్టులో ఆడుతున్నాడు. హైదరాబాద్ ఫాల్కన్స్ అని డబ్బిచ్చి ఆడించే జట్టు ఒకటుందని, అలాంటి జట్టు సెలక్షన్లకు ఎప్పటికైనా వెళ్లాలని వాడి ఆశ. "వాళ్లు సీజన్‌కి ముందు వారాల తరబడి తయారవుతారు అయ్యగారూ. నేను కూడా ఈ రెండు నెలలూ తయారవ్వాలి" అన్నాడు.

పక్కనే నిలబడిన మన సంఘ పెద్ద ఒకాయన ఆ మాట విన్నాడు. "మందిరం కట్టుకున్నది ప్రార్థనకా, బంతాటకా?" అని అడిగాడు. పిల్లవాడు తల దించుకున్నాడు. ఇద్దరూ మా ముఖం వైపే చూశారు. మేము అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. వారం గడువు అడిగాం.

ఎందుకు అడిగామో దాచకుండా చెప్పాలి. పోయిన ఏడాది ఇదే స్థలంలో పిల్లలు వాలీబాల్ నెట్టు కట్టుకున్నారు. సాయంత్రాలు కేకలు ఎక్కువయ్యాయి. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థన జరుగుతుంటే బంతి వచ్చి రేకుల మీద పడింది. పెద్దలు నొచ్చుకున్నారు. ఆ రాత్రి మేమే వెళ్లి తాళ్లు విప్పి, నెట్టు మడిచి, సామాను గదిలో పెట్టి తాళం వేశాం. ఏ ఒక్క పిల్లవాణ్నీ పిలిచి మాట్లాడలేదు. అక్కడ ఆడేవాళ్లు పదకొండు మంది. ఈ రోజు ఆదివారం మందిరంలో కనిపించేవాళ్లు నలుగురు. మిగిలినవాళ్లు సాయంత్రాలు చెరువు కట్ట మీద చేరుతున్నారు. అక్కడ బంతి లేదు, ఫోనులున్నాయి. ఆ ఫోనుల్లో పందాలు కూడా నడుస్తున్నాయని ఈ మధ్యే ఒక తల్లి ఏడుస్తూ చెప్పింది.

అందుకే ఈసారి తొందరపడదలచుకోలేదు. అసలు ఈ బాస్కెట్‌బాల్ ఎక్కడ పుట్టింది, ఎవరి చేతిలో పుట్టింది, డబ్బు తీసుకుని ఆడే జట్లు ఎలా వచ్చాయి అని వారమంతా చదివాం. చదివింది మీ ముందు పెడుతున్నాం.

ఈ ఆటను తయారుచేసినవాడు జేమ్స్ నైస్మిత్. 1861లో కెనడా దేశంలో, ఆల్మాంట్ అనే ఊరి దగ్గర పుట్టాడు. తొమ్మిదేళ్ల వయసులో టైఫాయిడ్ జ్వరం తల్లినీ తండ్రినీ తీసుకుపోయింది. మేనమామ దగ్గర పెరిగాడు. పొలం పని చేశాడు, గుర్రాలు తోలాడు. చదువు మధ్యలో మానేసి అడవిలో కలప నరికే పనికి వెళ్లాడు. మన భద్రాచలం అడవి దారుల్లో కలప కూలీల బతుకు చూసినవాళ్లకు ఆ జీవితం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. ఒకరోజు తాగుదామని దుకాణంలోకి వెళితే, పక్కనున్న మనిషి గుర్తుపట్టాడు. నువ్వు ఫలానా ఆమె కొడుకువి కదా, నిన్ను ఇక్కడ చూస్తే మీ అమ్మ ఆత్మ ఎంత క్షోభపడుతుందో అన్నాడట. గ్లాసు అక్కడే పెట్టి బయటికి వచ్చాడు. మళ్లీ ముట్టలేదు. తిరిగి బడికి వెళ్లి, మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదివి, ఆ తర్వాత ప్రెస్బిటీరియన్ వేదాంత కళాశాలలో 1890లో చదువు పూర్తి చేశాడు.

పాస్టరు కావలసినవాడు ఆటల్లోకి ఎందుకు వెళ్లాడు? ఒకసారి ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పక్కనున్న ఆటగాడు కోపంలో బూతు మాట అన్నాడు. వెంటనే నైస్మిత్ వైపు తిరిగి, నువ్వు ఉన్నావని మరిచిపోయాను, క్షమించు అన్నాడు. నైస్మిత్ అతణ్ని ఒక్కసారి కూడా మందలించలేదు. పక్కన నిలబడి ఆడాడు, అంతే. ప్రసంగ వేదిక మీద నుంచి చేయలేని పని మైదానంలో చేయవచ్చేమో అనే ఆలోచన అతనికి అప్పుడు వచ్చింది.

ఇంట్లోవాళ్లకు ఇది నచ్చలేదు. అక్క ఆనీకి అస్సలు నచ్చలేదు. చాలా ఏళ్ల తర్వాత, ఆట ప్రపంచమంతా పాకిన తర్వాత, సేవ వదిలి వెళ్లినందుకు నన్ను క్షమించావా అని అడిగితే, లేదు అని చెప్పిందట. నాగలి మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగినవాడివి నువ్వు అని ఆమె బాధ. ఈ సంగతి చదివినప్పుడు మన సంఘ పెద్ద ముఖం మా కళ్ల ముందు కదిలింది. ఆయనది పగ కాదు. ఆనీది కూడా పగ కాదు. మందిరం మీద ప్రేమ ఉన్నవాళ్లకే అలాంటి నొప్పి ఉంటుంది.

ఇక ఆట పుట్టిన సంగతి.

1890లో నైస్మిత్ అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ చేరాడు. అక్కడ వైఎంసీఏ వారి శిక్షణ పాఠశాల ఉంది. వైఎంసీఏ అంటే యౌవన క్రైస్తవుల సంఘం. 1844లో లండన్‌లో బట్టల దుకాణంలో పనిచేసే జార్జ్ విలియమ్స్ అనే కుర్రవాడు, పట్నానికి పని కోసం వచ్చి దారి తప్పుతున్న తోటి కుర్రవాళ్ల కోసం ప్రార్థన కూటంగా మొదలుపెట్టింది అది. ఆ పాఠశాలలో లూథర్ గులిక్ అనే పెద్దాయన నైస్మిత్‌కు 1891 చివర్లో ఒక తరగతిని అప్పగించాడు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ దేశంలో శరత్కాలంలో ఫుట్‌బాల్, వసంతంలో బేస్‌బాల్. ఈ రెండు సీజన్ల మధ్య మంచు కురిసే నెలలు. బయట ఆడలేరు. లోపల చేయించే వ్యాయామం డ్రిల్లు, బరువులు, గెంతులు. ఆ పద్దెనిమిది మంది కుర్రవాళ్లు విసిగిపోయారు. అంతకు ముందు ఇద్దరు మాస్టర్లు ప్రయత్నించి చేతులెత్తేశారు. గులిక్ నైస్మిత్‌కు రెండు వారాల గడువు ఇచ్చాడు. అంటే ప్రియులారా, బాస్కెట్‌బాల్ పుట్టిందే రెండు సీజన్ల మధ్య ఖాళీలో. ఒక సీజన్ అయిపోయి ఇంకొకటి మొదలవకముందు, చేతిలో పని లేని కుర్రవాళ్లు చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి పుట్టింది.

మొదట నైస్మిత్ బయటి ఆటలనే లోపలికి తెచ్చాడు. ఫుట్‌బాల్ ఆడిస్తే కిటికీలకు ముప్పు, ఒంటికి దెబ్బలు. మరో ఆట తెస్తే అదీ అంతే. గడువు అయిపోవస్తుండగా కూర్చుని ఆలోచించాడు. మనుషులు ఒకరినొకరు పడదోసుకునేది ఎందుకు? బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఆపాలి కాబట్టి. అయితే బంతి పట్టుకుని పరిగెత్తకూడదని నియమం పెడితే పడదోయవలసిన పనే ఉండదు. మరి గోలు? ఎదురుగా నిలువుగా ఉంటే బలంగా కొట్టినవాడే గెలుస్తాడు. అదే గోలును తల కన్నా ఎత్తులో, ఆకాశం వైపు నోరు తెరిచినట్టు పెడితే బలం పనికిరాదు. బంతిని మెల్లగా, వంపుగా పైకి వేయాలి. చిన్నప్పుడు తన ఊళ్లో బండ మీద రాయి పెట్టి దాన్ని కొట్టి పడగొట్టే ఆట ఆడేవాడు. అందులో గట్టిగా విసిరినవాడి కన్నా గురి చూసి మెల్లగా వేసినవాడికే లాభం. ఆ జ్ఞాపకమే ఇక్కడ పనికొచ్చింది.

పాఠశాల కాపలాదారుణ్ని రెండు పెట్టెలు అడిగితే పెట్టెలు లేవన్నాడు. పీచు పండ్లు తెచ్చే బుట్టలు రెండున్నాయన్నాడు. వాటిని వ్యాయామశాల మిద్దె వరండాకు మేకులతో కొట్టారు. ఆ వరండా ఎత్తు పది అడుగులు. పదమూడు నియమాలు టైపు చేయించి గోడకు అంటించారు. 1891 డిసెంబరు 21న తొమ్మిది మంది ఒకవైపు, తొమ్మిది మంది ఒకవైపు ఆడారు. మొత్తం ఆటలో పడింది ఒకే ఒక్క గోలు. బుట్టకు అడుగు ఉంది కాబట్టి బంతి తీయాలంటే నిచ్చెన వేయాలి. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడ రింగు కట్టినా దాని ఎత్తు పది అడుగులే. మన పిల్లవాడు చేయించిన రింగు కూడా ఆ ఎత్తులోనే కట్టాలి.

మొదట్లో అంతా ప్రశాంతంగా ఏమీ జరగలేదు. పిల్లలు తన్నుకున్నారు, గుద్దుకున్నారు. నైస్మిత్ ఆట ఆపి నియమాలు సరిచేశాడు. మళ్లీ ఆడించాడు. ఆట గోల చేసిందని బుట్టలు పీకి పారేయలేదు. ఇది మా మనసుకు తగిలిన మొదటి మాట.

రెండో మాట దీనికన్నా బలంగా తగిలింది. ఆట నిప్పులా పాకింది. వైఎంసీఏలున్న ప్రతి పట్నంలో బుట్టలు వెలిశాయి. రెండు మూడేళ్లకే ఫిర్యాదులు మొదలయ్యాయి. పదిమంది ఆడుతుంటే వ్యాయామశాల మొత్తం వాళ్లదే అవుతోంది, మిగతా అరవై మందికి చోటు లేదు అన్నారు. తోపులాటలు, తగాదాలు ఎక్కువయ్యాయి అన్నారు. అది నిజమే. ఫిలడెల్ఫియాలాంటి చోట్ల వైఎంసీఏ పెద్దలు ఆటనే బయటికి పంపించారు. న్యూజెర్సీ రాష్ట్రంలో ట్రెంటన్ అనే పట్నంలో మంచి జట్టు ఉండేది. వాళ్లకూ వైఎంసీఏ పెద్దలకూ చెడింది. తలుపు మూసుకుంది.

అప్పుడు ఆ జట్టు ఏం చేసింది? ఆట మానలేదు. 1896లో మేసనిక్ టెంపుల్ అనే భవనంలో హాలు అద్దెకు తీసుకుంది. టిక్కెట్టు పెట్టింది. ఖర్చులు పోగా మిగిలిన డబ్బు పంచుకుంటే ఒక్కొక్కరికి 15 డాలర్లు వచ్చాయి. కెప్టెన్‌కు ఇంకో డాలరు ఎక్కువ ఇచ్చారు. బంతి జనం మీద పడకుండా, జనం ఆటగాళ్ల మీద పడకుండా చుట్టూ వల కట్టారు. ఆ వల మూలంగానే ఇంగ్లీషు పత్రికలు చాలా కాలం బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను పంజరంలోని వాళ్లన్నట్టు పిలిచేవి. డబ్బు తీసుకుని ఆడిన మొట్టమొదటి జట్టుగా చరిత్రలో ఎక్కువమంది చెప్పుకునేది ఆ ట్రెంటన్ జట్టునే. 1898లో అలాంటి జట్లన్నీ కలిసి మొదటి లీగ్ పెట్టుకున్నాయి. ఇవాళ 30 జట్లతో, ఒక్కో జట్టు సీజన్‌కు 82 మ్యాచ్‌లు ఆడే ఎన్‌బీఏ దాకా వచ్చిన ఆ దారి, ఒక క్రైస్తవ సంఘం మూసిన తలుపు దగ్గరే మొదలైంది.

డబ్బు తీసుకుని ఆడడం పాపమని మేము అనడం లేదు. పనివాడు తన కూలికి పాత్రుడే. మేము చెప్పేది ఒక్కటే. ఆట ఆగలేదు, పిల్లలు మాత్రం వెళ్లిపోయారు. ఆట వల్ల వచ్చే గోలను వైఎంసీఏ వదిలించుకుంది. దానితోపాటు ఆ పిల్లల పక్కన నిలబడే అవకాశాన్ని కూడా వదిలించుకుంది. పోయిన ఏడాది నెట్టు విప్పినప్పుడు మేము చేసిందీ ఇదే. బంతి రేకుల మీద పడడం ఆగింది. ఏడుగురు పిల్లలు కట్ట మీదికి వెళ్లారు.

నైస్మిత్ మాత్రం చివరిదాకా పిల్లల పక్కనే ఉన్నాడు. 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ప్రార్థనా మందిరం బాధ్యత, వ్యాయామం నేర్పే పని రెండూ అతనివే. అక్కడ బాస్కెట్‌బాల్ జట్టును తానే నడిపాడు. 55 మ్యాచ్‌లు గెలిచి 60 ఓడాడు. ఆ విశ్వవిద్యాలయం చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్న కోచ్ ఇప్పటిదాకా ఆట కనిపెట్టినవాడు ఒక్కడే. 1916లో ప్రెస్బిటీరియన్ సంఘంలో పాస్టరుగా అభిషేకం పొందాడు. సైనికుల మధ్య చాప్లిన్‌గా పనిచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వైఎంసీఏ తరఫున ఫ్రాన్సు వెళ్లి కుర్ర సైనికుల మధ్య ఉన్నాడు. ఆట మీద సంపాదించుకోలేదు. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌ను మొదటిసారి చేర్చినప్పుడు, అది చూడడానికి అతణ్ని పంపేందుకు చందాలు వసూలు చేయవలసి వచ్చింది. 1939లో కన్నుమూశాడు. ఆ రోజు గోడకు అంటించిన నియమాల కాగితాలు 2010లో వేలం వేస్తే 43 లక్షల డాలర్లు పలికాయి.

ఇదంతా అమెరికా కథ, మన వైరాకు దీనితో ఏమిటి అని కొందరు అడగవచ్చు. సంబంధం ఉంది. మనం అనుకున్నదానికన్నా దగ్గరిదే.

మొదటి ఆటలో ఆడిన పద్దెనిమిది మందిలో డంకన్ ప్యాటన్ ఒకడు. 1894లో ఈ ఆటను మన దేశానికి తెచ్చింది అతనేనని చెబుతారు. ఆ తర్వాత అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ మద్రాసు వచ్చి, 1920లో వైఎంసీఏ తరఫున వ్యాయామ ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే పాఠశాల తెరిచాడు. మన దేశంలో అలాంటిది అదే మొదటిది. మన తాతలు "డ్రిల్ మాస్టారు" అని పిలుచుకున్న, మనం "పీఈటీ సారు" అని పిలుచుకుంటున్న ఉద్యోగం వెనక ఆ పాఠశాల నేర్పిన పద్ధతి ఉంది. ఊళ్లో బడి ముందు పాతిన రెండు స్తంభాలు, సున్నంతో గీసిన గీతలు, మెడలో ఈల, ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే. ఆ మాటకొస్తే మన పిల్లలు ఆడిన వాలీబాల్ కూడా వైఎంసీఏలో పుట్టిందే. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన విలియం మోర్గాన్ 1895లో పక్కనే ఉన్న హోల్యోక్ పట్నంలో దాన్ని తయారుచేశాడు. మేము తాళం వేసి పెట్టిన నెట్టు చరిత్ర అది.

ఇంకో సంగతి. ఖమ్మంలో వరంగల్ వైపు రైలు ఎక్కితే దోర్నకల్ జంక్షన్ వస్తుంది. అక్కడి ఎపిఫనీ కతీడ్రల్ మనలో చాలామంది చూసిందే. దాన్ని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. దోర్నకల్ రాకముందు ఆయన ఏం చేసేవాడు? 1895 నుంచి 1909 దాకా, పద్నాలుగేళ్లు, వైఎంసీఏ కార్యదర్శి. దక్షిణ దేశమంతా తిరుగుతూ యౌవనస్థుల మధ్య పనిచేశాడు. ఆ తర్వాతే మన తెలుగు పల్లెలకు వచ్చి, భాష నేర్చుకుని, చెట్ల కింద కూర్చుని బోధించాడు. మన చుట్టుపక్కల పల్లెల్లో సువార్త నాటినవాళ్లలో ఒక పెద్ద సేవకుడు, ముందు పద్నాలుగేళ్లు కుర్రవాళ్లతో గడిపి తయారైనవాడు. ఆ పద్నాలుగేళ్లు వృథా అని ఎవరంటారు?

మళ్లీ మన పిల్లవాడి మాట దగ్గరికి వద్దాం. "తయారవ్వాలి" అన్నాడు వాడు.

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆడి బతకడం కష్టం. రైల్వేలోనో, సైన్యంలోనో, ఓఎన్‌జీసీలోనో ఉద్యోగం దొరికితే ఆ జట్టుకు ఆడడమే చాలా కాలం దారి. 2015లో యూబీఏ అనే లీగ్ మొదలైంది. అందులో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. రెండు మూడేళ్లకే ఆ లీగ్ ఆగిపోయింది. 2025లో ఐఎన్‌బీఎల్ ప్రో పేరుతో మళ్లీ ఆరు జట్లతో లీగ్ నడిచింది. హైదరాబాద్ ఫాల్కన్స్ ఆ ఆరింటిలో ఒకటి. ఇలాంటి లీగ్ సీజన్ కొద్ది వారాల్లో అయిపోతుంది. దాని వెనక తయారీ మాత్రం ఏళ్లది. ఒక గీత నుంచి ఇంకో గీతకు పరిగెత్తి, వంగి నేల తాకి, వెనక్కి పరిగెత్తడం. మోకాళ్లు వంచి పక్కపక్కకు జరగడం. ఊపిరి అందనంత అలిసిపోయాక, అప్పుడు నిలబడి ఫ్రీ త్రోలు వేయడం. చేతులు వణుకుతున్నప్పుడు గురి కుదరాలి కాబట్టి అలా చేయిస్తారు. ఇవి చూడడానికి ఎవరూ టిక్కెట్టు కొనరు. చప్పట్లు ఉండవు.

జాన్ వుడెన్ అనే కోచ్ ఉండేవాడు. కుర్రతనంలో డబ్బు తీసుకుని ఆడే జట్టులోనూ ఆడాడు. తర్వాత యూసీఎల్‌ఏ కోచ్‌గా 1964 నుంచి 1975 దాకా పన్నెండేళ్లలో పది జాతీయ టైటిళ్లు గెలిచాడు. ప్రార్థనాపరుడు. కొత్త సీజన్ తయారీ మొదటి రోజున ఆయన నేర్పే మొదటి పాఠం ఏమిటో తెలుసా? మేజోళ్లు తొడుక్కోవడం. ముడత లేకుండా లాగి, మడమ దగ్గర చేత్తో సరిచేసి, బూటు తాడు బిగించడం. దేశంలోనే పేరున్న ఆటగాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారట. ముడత ఉంటే బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే ఆట పోతుంది అనేది ఆయన లెక్క.

పౌలు భక్తుడికి ఈ లెక్క తెలుసు. ఆయన కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు. ఆ ఊరి పక్కనే ఇస్త్మియా అనే చోట రెండేళ్లకోసారి పెద్ద ఆటల పోటీలు జరిగేవి. గెలిచినవాడికి ఆకులతో అల్లిన కిరీటం పెట్టేవారు. కొద్ది రోజులకు అది వాడిపోయేది. ఒలింపియాలో అయితే పోటీకి వచ్చినవాడు పది నెలలు క్రమంగా సాధన చేశానని ప్రమాణం చేయవలసి ఉండేది. అందుకే కొరింథువారికి మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయంలో ఆ సంఘంతో పౌలు ఆటల భాషలో మాట్లాడాడు. వాడిపోయే కిరీటం కోసం వాళ్లు ఒళ్లు అంతగా అదుపులో పెట్టుకుంటే, వాడని కిరీటం కోసం మనం ఇంకెంత చేయాలి అన్నది ఆయన భావం. ఆ అధ్యాయం ఈ వారం ఇంట్లో చదవండి. ఆటగాణ్ని చూసి ఆయన ముఖం తిప్పుకోలేదు. అతణ్ని చూపించి సంఘానికి బుద్ధి చెప్పాడు.

మన రైతులకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ఇప్పుడు పొలాల్లో పంట లేదు. అయినా తెలివిగల రైతు వేసవి దుక్కి దున్నుతాడు. ఎండకు మట్టి కాగుతుంది, పురుగుల గుడ్లు చస్తాయి, కలుపు వేళ్లు ఎండుతాయి, తొలకరి చినుకు పడితే నీళ్లు లోపలికి ఇంకుతాయి. దుక్కి దున్నని చేనులో వాన పడినా పైనుంచి పారిపోతుంది. ఆనీ తన తమ్ముడు నాగలి వదిలేశాడనుకుంది. అతని జీవితం మొత్తం చదివాక మాకు అనిపించింది వేరు. అతను నాగలి వదల్లేదు, వేరే చేనులో దున్నాడు.

మన పిల్లల సెలవులు కూడా దుక్కి కాలమే. ఈ రెండు నెలలు వాళ్లు ఎవరి పక్కన ఉంటారు అన్నదే ప్రశ్న. మన పక్కనా, కట్ట మీదా?

మన పెద్దాయన అడిగిన ప్రశ్నను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆట నెత్తికెక్కితే ఆదివారాన్ని మింగుతుంది. గెలుపు మత్తు ఎక్కితే నోరు జారుతుంది. అందుకే నైస్మిత్ బుట్ట కట్టిన రోజే పదమూడు నియమాలు గోడకు అంటించాడు. మనమూ అలాగే చేద్దామని మా మనవి. ఆదివారం ఆట వద్దు. ఉపవాస ప్రార్థన జరిగే శుక్రవారం సాయంత్రం వద్దు. పందెం మాట వస్తే ఆ రోజుకు బంతి లోపలికి. ఆట అయ్యాక పది నిమిషాలు అక్కడే నేల మీద కూర్చుని ప్రార్థన. ప్రతి సాయంత్రం పెద్దల్లో ఒకరు కుర్చీ వేసుకుని అక్కడ ఉండాలి. ఆ పెద్ద ప్రసంగం చేయనక్కర్లేదు. అక్కడ ఉంటే చాలు.

ఈ ఆదివారం ఆరాధన తర్వాత సంఘం కూర్చుని దీన్ని తేలుస్తుంది. దూరాన ఉన్నవాళ్లు మీ అభిప్రాయం మాకు పంపండి, చదివి వినిపిస్తాం. వద్దని సంఘం అంటే ఆ మాట మేమే పిల్లవాడికి చెబుతాం. ఈసారి రాత్రిపూట తాళ్లు విప్పినట్టు కాకుండా, పక్కన కూర్చోబెట్టుకుని చెబుతాం. సంఘం ఏం తేల్చినా, నెట్టు విప్పిన రోజు మాట్లాడకుండా పంపినందుకు ఆ ఏడుగురినీ క్షమాపణ అడగవలసింది మాత్రం మేమే. దానికి సంఘం తీర్మానం అక్కర్లేదు. రేపు సాయంత్రం కట్ట మీదికి వెళుతున్నాం. మా కోసం ప్రార్థించండి.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.